రెండు క్రియలు, ఒకే తలుపు

చెయ్యి వణక్కూడదు. సుద్దముక్క పట్టుకున్న చెయ్యి వణికితే బోర్డు మీద అక్షరం వంకర పోతుంది, అక్షరం వంకర పోతే ముందు బల్ల మీద కూర్చున్న నర్సు కనిపెట్టేస్తుంది, రోజంతా జనం నాడి పట్టుకుని చూసే మనిషి, కనిపెట్టి ఏమైంది మేడమ్ ఒంట్లో బాగాలేదా అని అడుగుతుంది, క్లాసులో తెలుగు మాట్లాడకూడదని నేనెంత మొత్తుకున్నా కంగారు పుడితే ఎవరికైనా తెలుగే కదా వచ్చేది, ఆ తెలుగు మాట వెనక కుర్చీలో కూర్చున్న నా తమ్ముడి చెవిన పడుతుంది. అప్పుడు వాడు లేస్తాడు. లేచి, తను వీపు ఆనించి కూర్చున్న ఆ తలుపు గడియ తీసి, లోపలికి వెళ్లి, లోపల్నుంచి గడియ పెట్టుకుంటాడు. ఆ గదిలో నా మరదలు నేల మీద పడి ఉంది. వాడి పెళ్లాం. ఇందాక పానా పెట్టి తల మీద కొట్టాడు. ఆ పానాయే ఇప్పుడు వాడి ఒళ్లో ఉంది, పాత గుడ్డపేలికతో తుడుచుకుంటున్నాడు, మోటార్లు బాగుచేసే మనిషి చేతిలో పానా ఉంటే ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది. గుడ్ ఈవినింగ్ అన్నాను. గుడ్ ఈవినింగ్ మేడమ్ అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

"రోజూ చెప్పినట్టే చెప్పు," అన్నాడు ఇందాక, మెట్ల మీద వీళ్ల చెప్పుల చప్పుడు వినపడగానే. "తెలుగులో ఒక్క మాట ఎక్కువైందనుకో, నేను లోపలికెళ్తా. నేనెళ్తే ఇక అది బయటికి రాదు. నీ ఇష్టం అక్కా." నీ ఇష్టం అక్కా. టీ తాగుతావా మానేస్తావా అన్నంత మామూలుగా అన్నాడు. కుర్చీ లాక్కుని తలుపుకి అడ్డంగా వేసుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు, ఆ కుర్చీ నేల మీద గీసుకుపోయిన చప్పుడు ఇంకా నా పళ్లలో ఉంది. నా డొక్కలో వాడి మోచెయ్యి దిగిన చోట ఊపిరి పీల్చినప్పుడల్లా పోటు. అడ్డం వెళ్లాను కదా, వెళ్లకుండా ఎలా ఉంటాను, ఆ పిల్లని రెక్క పట్టుకుని గదిలోకి ఈడ్చుకుపోతుంటే వాడి జుట్టు పట్టుకుని వెనక్కి లాగాను, పిడికెడు ఊడి చేతికొచ్చింది కూడా, వెనక్కి చూడకుండానే మోచేత్తో ఒక్కటిచ్చాడు, అంతే, నేను గోడకి. ఆ పిల్ల కాళ్లు గడప మీదుగా జారిపోవడం చూశాను. ఒక కాలికే చెప్పుంది.

ఏం చేసింది ఆ పిల్ల? ఏమీ లేదు. గిన్నెలు తుడుస్తూ నిన్నటి వాక్యం వల్లె వేసుకుంటోంది. ఈమధ్య నేను పాఠం చెబుతుంటే తలుపు సందులోంచి విని నేర్చుకుంటోంది, క్లాసులో కూర్చోమంటే సిగ్గు. వాడు పని నుంచి వచ్చాడు, బూట్లు విప్పడానికి కూర్చుని ఆమె వంక చూశాడు. సరిగ్గా ఆ వాక్యమే ఆమె నోట్లో ఉంది, హి సాట్ డౌన్ అండ్ లుక్డ్ అట్ హర్, కూర్చున్నాడు, ఆమె వంక చూశాడు. నేర్చుకున్న వాక్యం కళ్లముందు జరిగేసరికి నవ్వొచ్చింది పిచ్చిదానికి, నవ్వింది. ఏమన్నావ్ అన్నాడు. పాఠమండీ అంది. నన్ను చూసి నవ్వుతూ ఏమన్నావే అన్నాడు. మళ్లీ అదే వాక్యం అంది, నిజాయితీగా, అడిగాడు కదా అని. వంటగదిలోంచి గిన్నె పడ్డ చప్పుడు వచ్చిందనుకున్నాను నేను. గిన్నె కాదది.

పాఠం చెప్పాలి. రెండు పాస్ట్ టెన్స్ క్రియలు ఒకే వాక్యంలో వస్తే ఏం చెయ్యాలి, ఇదీ ఇవాళ్టి పాఠం. ఒక్కో క్రియకీ దాని ప్రిపొజిషన్ దానికి ఉంటుంది, దాన్ని నేను తోక అంటాను, తోక అంటే వీళ్లకి గుర్తుంటుంది. రెండు క్రియలు జతగా వచ్చి ఒకే మనిషి మీద పడ్డప్పుడు ఎవడి తోక వాడిదే, ఒకడి తోక ఇంకొకడికి తగిలించకూడదు, ఒక తోక మింగెయ్యకూడదు. చూశాడు, అరిచాడు. చూడ్డానికీ అట్, అరవడానికీ అట్, తోక ఒకటే కాబట్టి ఒకసారి చెబితే చాలు, హి లుక్డ్ అండ్ షౌటెడ్ అట్ హర్. కానీ నడిచివెళ్లాడు, తట్టాడు అన్నప్పుడు? నడకకి టు, తట్టడానికి ఆన్. ఆ రెండూ రాయాల్సిందే. నా గొంతు నాకే వేరే ఎవరి గొంతో అన్నట్టు వినిపిస్తోంది, ఎంత స్పష్టంగా చెబుతోందో ఆ మనిషి, ఎంత ఓర్పుగా. నా క్లాసులో పద్ధతి ఒకటుంది. వాక్యం బోర్డు మీద రాస్తాను, జంటలో ఒకరు గట్టిగా చదువుతారు, ఇంకొకరు లేచి వెళ్లి అది చేసి చూపిస్తారు, మిగిలినవాళ్లంతా కలిసి పలుకుతారు. బోర్డు దగ్గర చోటు లేదు కాబట్టి చేసి చూపించేది ఎప్పుడూ బల్లల వెనక, ఆ తలుపు ముందున్న ఖాళీలోనే. ఇవాళ ఆ ఖాళీకి కాపలాగా నా తమ్ముడు. హి లుక్డ్ అండ్ షౌటెడ్ అట్ హర్ అని అందరూ పలికారు, పలకడం అయిపోయాక ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో వెనక గదిలోంచి టక్ మని చిన్న చప్పుడు.

ఆ పిల్ల వేలి ఉంగరం. నేలకేసి కొడుతోంది. బతికుంది. ఇంకో వాక్యం చెప్పాను, పలికారు, మళ్లీ టక్. వాక్యం అయ్యాకే కొడుతోంది, ముందు కాదు. మిగతా క్లాసుతోపాటు తనూ పలుకుతోందన్నమాట. పలకడానికి నోరు రాక వేలితో పలుకుతోంది. సరే, నేను చెబుతాను, నువ్వు నిద్రపోకు, తలకి దెబ్బ తగిలితే నిద్రపోకూడదంటారు, నువ్వు పలుకుతూ ఉండు, నేను గొంతు పోయేదాకా చెబుతాను. కానీ గంట కొట్టేసరికి వీళ్లు వెళ్లిపోతారు. వీళ్లు వెళ్లాక నేనూ, వాడూ, ఆ తలుపూ మిగులుతాం. వీళ్లు ఉన్నంతసేపే ఆ పిల్లకి ఊపిరి.

లిఫ్టులు బాగుచేసే అతను చెవి రిక్కించాడు, యంత్రాల చప్పుళ్లతో బతికే మనిషి. "మేడమ్, లోపల ఏదో కొట్టుకుంటోంది." "పైపులో గాలి," అన్నాడు నా తమ్ముడు పానా తుడవడం ఆపకుండా. "మోటారు ఆపినప్పుడల్లా అంతే. రేపు విప్పుతా." "వాషర్ అరిగిందేమో చూడండి సార్," అన్నాడు లిఫ్టతను, సాటి పనివాడి మర్యాదతో. "అరిగే ఉంటుంది," అన్నాడు వాడు, ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. ఆ నవ్వు విన్నప్పుడు నాకొక కోరిక పుట్టింది, దాచుకోవడమెందుకు, ఆ పానా లాక్కుని వాడి పళ్లన్నీ రాలగొట్టాలని, ఆ నోరు మళ్లీ నవ్వకుండా చెయ్యాలని, ఒక్కో పన్నూ నేల మీద పడుతుంటే చూస్తూ నిలబడాలని. ఈ కోరిక ఎవరిదో నాకు తెలుసు. మా నాన్నది.

నాన్న ఏదో ఆఫీసులో గుమాస్తా. పైఅధికారి ఇంగ్లీషులో తిట్టినప్పుడల్లా ఇంటికొచ్చి తమ్ముడికి ఇంగ్లీషు నేర్పేవాడు. నాకు నేర్పలేదు, ఆడపిల్లకెందుకని, అందుకే నాకొచ్చింది. తమ్ముణ్ణి ఎదురుగా నిలబెట్టి, బెల్టు చేతికి చుట్టుకుని, ఒక క్రియ తెలుగులో అనేవాడు, వాడు దాని రూపాలన్నీ ఇంగ్లీషులో ఒప్పజెప్పాలి. కొట్టు. బీట్ బీట్ బీటెన్. పడు. ఫాల్ ఫెల్ ఫాలెన్. రూపం తప్పితే దెబ్బ, నత్తి వస్తే దెబ్బ, ఏడిస్తే ఏడ్చు అనే క్రియ అడిగి మరీ దెబ్బ. నేను నాన్న వెనక నిలబడేదాన్ని. పుస్తకంలో చదివి, ఆ క్రియేదో ఒంటితో చూపించేదాన్ని, వాడికి మాట కంటే బొమ్మ గుర్తుంటుందని ముందు మేమిద్దరం సాధన చేసేవాళ్లం. పడడానికి తల వాల్చేదాన్ని. తినడానికి పెదాలు. తలుపు తీయడానికి రెండు అరచేతులు కలిపి మెల్లగా విడదీసేదాన్ని. ఊపిరి పీల్చడానికి గుండె మీద చెయ్యి పెట్టి పైకీ కిందికీ. వాడి కళ్లు నాన్న భుజం మీదుగా నన్ను వెతికేవి, దొరికాక మాట బయటికొచ్చేది, ఆ పూటకి ఒక దెబ్బ తప్పేది. నా క్లాసులో పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారు మేడమ్ అని అందరూ మెచ్చుకుంటూ అడుగుతారు. పెద్ద చదువు ఏమీ కాదు, బెల్టు వెనక నేర్చుకున్నాను.

వాడికి క్రియలన్నీ వచ్చు, అదీ ఇప్పుడు ప్రమాదం. బీట్ వచ్చు, కిల్ వచ్చు, డై వచ్చు, బ్లీడ్ కూడా వచ్చు, ఒక రోజు బెల్టు దెబ్బలకి వీపు మీద చొక్కా నెత్తురుతో అంటుకుపోయింది కాబట్టి బాగా వచ్చు. డాక్టర్, హాస్పిటల్, పోలీస్ అనే మాటలు ఎవరికైనా వస్తాయి. రానివి తోకలే. నాన్నకే రావు, వాడికేం నేర్పుతాడు. ఒక్కో క్రియని తల నరికి తెచ్చినట్టు వాడి ముందు పెట్టాడు, వెనకా ముందూ లేకుండా, ఎవడు ఎవడి మీదికి వెళ్లాడో ఎవడు ఎవడి దగ్గర్నుంచి వచ్చాడో లేకుండా. తమ్ముడికి అదే మిగిలింది, ఒట్టి క్రియలు. అర్థం కాని వాక్యం ఎవరి నోట విన్నా అది తన మీదికే వస్తోందనుకుంటాడు. బస్సులో ఎవరో ఇంగ్లీషులో ఫోన్ మాట్లాడుతుంటే చొక్కా పట్టుకున్నాడు ఒకసారి. ఇంట్లో పెళ్లాం పాఠం చదువుకుంటే పానా ఎత్తాడు. ఆ పిల్ల ముందుపన్ను విరిగిన రోజు నేను చీపురు తిరగేసి వాణ్ణి మెట్లదాకా తరిమి బయటికి నెట్టి గడియ పెట్టాను, తెల్లారేసరికి ఆ పిల్లే వెళ్లి గడియ తీసింది, చలిగా ఉంది వదినా అని. చలి అట. నీ తలలో ఇప్పుడెలా ఉందమ్మా, చలిగా ఉందా.

రాశాను. హి వాక్డ్ అప్ టు అండ్ నాక్డ్ ఆన్ ద డోర్. తలుపు దాకా నడిచాడు, తలుపు తట్టాడు. డోర్ అనే మాట నర్సు నోట వినగానే వాడి తల పైకి లేచింది, గుడ్డపేలిక ఆగింది. చేసి చూపించాల్సింది లిఫ్టతను. వెనక్కి వెళ్లు నాయనా, మీరంతా రోజూ వెళ్లే ఆ ఖాళీలోకే వెళ్లు, నీ ఎదురుగా ఉన్న తలుపు తట్టు, తడితే లోపల్నుంచి ఉంగరం జవాబిస్తుంది, పైపు ఎక్కడైనా జవాబిస్తుందా, నీకు తెలుస్తుంది. లిఫ్టతను లేచాడు, చొక్కా సర్దుకున్నాడు, గిరుక్కున తిరిగి వీధి తలుపు దగ్గరికి వెళ్లి దర్జాగా తట్టి, లోపల ఎవరూ లేరా అన్నట్టు మొహం పెట్టి అందరినీ నవ్వించాడు. కూర్చున్న మనిషిని లేపి తలుపు తట్టడం మర్యాద కాదు కదా. తమ్ముడి భుజాలు వదులయ్యాయి. మిగిలినవాళ్లు పలికారు. నిశ్శబ్దం. నిశ్శబ్దం. ఇంకా నిశ్శబ్దం. ఉంగరం మోగలేదు. మళ్లీ పలకండి అన్నాను, గొంతు చీలింది, అందరూ తల ఎత్తి చూశారు, పలికారు మళ్లీ. చాలా సేపటికి, టక్. ముందటి చప్పుడులో సగం కూడా లేదు.

ఇక లాభం లేదు, జరిగింది జరిగినట్టు రాస్తాను. వాడికి నాక్ తెలుసు, ఇప్పుడే చూశాడు కూడా, తట్టడం. దానికి డౌన్ అనే తోక తగిలిస్తే మనిషి కూలబడిపోతుందని వాడికెవరు చెప్పారు. హి నాక్డ్ హర్ డౌన్ అండ్ షట్ హర్ ఇన్. కొట్టి పడేశాడు, లోపల పెట్టి మూశాడు. రాసి, ఇటు తిరిగి ఒక్కొక్కరి మొహంలోకీ చూశాను, నా మొహంలో ఉన్నదంతా కళ్లలోకి తెచ్చుకుని చూశాను, చూడండర్రా, చదవండర్రా, ఇది పాఠం కాదు. నర్సూ లిఫ్టతనూ లేచారు. నాటకం అంటే ఇద్దరికీ సరదా. వెనక ఖాళీలో లిఫ్టతను మీసం తిప్పి, చెయ్యి గాల్లో తిప్పి ఉత్తుత్తి దెబ్బ వేశాడు, నర్సు అమ్మో అని గింగిరాలు తిరిగి నేల మీద పడింది, గది గది అంతా నవ్వు. నర్సు పక్కన కూర్చునే బ్యాంకు కాపలామనిషి చప్పట్లు కొట్టాడు. నా తమ్ముడు కూడా నవ్వాడు. పానా ఒళ్లో పెట్టుకుని, ఆ తలుపుకి వీపు ఆనించి, తను చేసింది తన కాళ్ల ముందు ఎవరో చేసి చూపిస్తుంటే పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి, "బాగా పడ్డారమ్మా," అన్నాడు. వీణ్ణి ఎత్తుకుని తిరిగాను. వీడికి జ్వరమొస్తే రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ మార్చాను. ఈ క్షణంలో వీడు గుండె ఆగి ఆ కుర్చీలోనే పోతే బాగుండు అనుకున్నాను, మనస్ఫూర్తిగా.

నర్సు లేవలేదు. చెంప నేలకి ఆనించి, పడ్డ భంగిమలోనే ఉంది. లిఫ్టతను చెయ్యి అందించాడు, అందుకోలేదు. ఆమె కళ్లు కుర్చీ కాళ్ల మధ్య నుంచి అటు చూస్తున్నాయి, తలుపు కింద చెక్క అరిగి రెండు వేళ్ల సందు ఉంటుంది, వానాకాలం చీమలు అందులోంచే వస్తాయి. ఆ సందులో ఏం కనిపించిందో నాకు తెలీదు. వేళ్లో, జుట్టో, ఇంకేదైనానో. ఆమె మొహంలో నవ్వు అలాగే ఉంది, దాని వెనక ఉన్న మనిషి మాత్రం మారిపోయింది. నెమ్మదిగా లేచింది. దులుపుకుంది. అలవాటు కొద్దీ మోకాలి దగ్గర తడి తగిలిందేమోనని చూసుకుని, చెయ్యి గౌనుకి తుడుచుకుంది. నా తమ్ముడి ఒళ్లోని పానా చూసింది. తర్వాత నన్ను చూసింది. ఇంత వయసొచ్చాక నన్ను అంత పూర్తిగా చదివిన మనిషి ఇంకొకరు లేరు. నా డొక్క మీద నేను తెలీకుండా పెట్టుకున్న చెయ్యి కూడా చదివింది. వచ్చి తన చోట కూర్చుని, పక్కనున్న కాపలామనిషి వైపు కాస్త వంగి, ఎంతో బుద్ధిగా, చక్కటి ఇంగ్లీషులో అడిగింది, ఇంకొక్క వాక్యం ఇవ్వండి మేడమ్, ఈసారి మేమిద్దరం చేస్తాం.

కాపలామనిషి బ్యాంకు గుమ్మంలో నిలబడే మనిషి, తలుపంత వెడల్పు, చెప్పింది చేసి తీరే రకం. మొదటి నెలలో పరుగెత్తి బయటికెళ్లాడు అనే వాక్యం ఇస్తే మెట్లు దిగి వీధి చివరిదాకా పరుగెత్తి చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చాడు, అందరం పడీ పడీ నవ్వాం. ఇవాళ నాకు కావలసింది అలాంటి మనిషే. కానీ వాడు ఆ కుర్చీలో ఉన్నంతసేపు ఎవరు వెళ్లినా లాభం లేదు. కాపలామనిషి రెండడుగులు వేసేలోపు వాడు లోపల ఉంటాడు, లోపల్నుంచి గడియ పడుతుంది, ఆ తర్వాత ఎంతమంది ఎంతసేపు తలుపు బాదినా మాకు దక్కేది ఏముంటుంది. వాడు లేవాలి. లేచి ఆ తలుపు వైపు కాదు, ఇటు రావాలి. బల్లలన్నీ దాటి, గది ఈ చివరికి, బోర్డు దాకా రావాలి. ఈ గదిలో వాణ్ణి ఆ తలుపు కంటే గట్టిగా లాగేది ఏముంది? నేనున్నాను. వాడు ఎవరినైనా కొట్టగలడు, నన్ను మాత్రం కొడితే ఇంకెవరి మీదా లేనంత కోపంతో కొడతాడు, నేను వాడి వైపు మనిషినని ఇప్పటికీ నమ్ముతున్నాడు కాబట్టి. నాన్న వెనక నిలబడినా నేను వాడి వైపే ఉన్నాను కాబట్టి.

సుద్దముక్క విరిగింది. చిన్నముక్కతోనే, డోర్ అనే మాట రాకుండా రాశాను. దే వెంట్ ఓవర్ టు ఇట్ అండ్ లెట్ హర్ అవుట్. దాని దగ్గరికి వెళ్లారు, ఆమెని బయటికి తీశారు. వెళ్లడానికి దాని తోక, తీయడానికి దాని తోక. విచిత్రంగా ఇప్పుడు చెయ్యి వణకడం లేదు, ఇంత అందంగా ఎప్పుడూ రాయలేదనిపించింది. నర్సు లేచి గట్టిగా చదివింది. కాపలామనిషి లేచి బెల్టు సర్దుకున్నాడు, వెనక్కి తిరిగాడు, ఏ తలుపో అని అటూ ఇటూ చూడబోయాడు, నర్సు అతని మోచెయ్యి పట్టుకుని కళ్లతోనే చూపించింది. తమ్ముడు బోర్డు వంక చూస్తున్నాడు, నుదురు ముడేసి, చిన్నప్పటిలాగే, గో వెంట్ గాన్, లెట్ లెట్ లెట్, దాని వెనక ఏముందో తెలీక. వాడి కళ్లు మెల్లగా బోర్డు మీంచి నా మీదికి వచ్చాయి. అడగడానికి. ఇన్నేళ్ల తర్వాత కూడా, ఆ పాడు కళ్లు, అర్థం కానప్పుడు నన్నే వెతుకుతున్నాయి. ఒక్క క్షణం, నిజం చెప్పాలంటే ఒక్క క్షణం, ప్రాణం ఉసూరుమంది. సుద్దముక్క కింద పడేశాను. రెండు అరచేతులూ ఎత్తి, గుండెల ముందు కలిపి, వాడు చూస్తుండగా, మెల్లగా విడదీశాను.

వాడికి అర్థమైంది. ఎంత తొందరగా అర్థమైందో. మొహం మీద మొదట వచ్చింది కోపం కాదు, నేను చూశాను, అందులో ఏడుపుంది, అక్కా నువ్వా అన్నట్టుంది, ఆ వెంటనే మొహమంతా నాన్నదైపోయింది. కుర్చీ ఎగిరి వెనక్కి పడింది. బల్ల మీద కాలేసి వచ్చాడు, లిఫ్టతని భుజం తొక్కుకుంటూ వచ్చాడు, పుస్తకాలు, నీళ్ల సీసా, అన్నీ గాల్లోకి, ముందు పానా ఆ వెనక వాడు. రా, అనుకున్నాను, రారా, ఇటే రా. తలకి చెయ్యి అడ్డం పెట్టాను, ముంజేతి మీద పడింది దెబ్బ, చప్పుడు ముందు వినిపించి నొప్పి తర్వాత వచ్చింది, ఎండుపుల్ల విరిగిన చప్పుడు, రెండో దెబ్బ భుజం మీద, బోర్డు మీద నా తల కొట్టుకుని నేను రాసిన వాక్యమంతా నా జుట్టుకి అంటుకుని చెరిగిపోయింది. "నువ్వు కూడానా! నువ్వు కూడానా!" అంటున్నాడు ప్రతి దెబ్బకీ, ఉమ్మి నా మొహం మీద పడుతోంది. మోకాలితో కడుపులో ఒక్కటి తన్నాను వాణ్ణి, నేనూ నాన్న కూతుర్నే. వాడి చెవి నా పళ్లకి దొరికింది, కొరికాను, ఉప్పగా నెత్తురు. ఈ గోలంతటి మధ్యలో, అటు చివర, తుప్పు పట్టిన గడియ కీచుమని వెనక్కి జరిగిన చప్పుడు విన్నాను. ఆ గడియకి నూనె వెయ్యరా అని నెల రోజులుగా వీడి వెంటపడుతున్నాను. వెయ్యనందుకు మొదటిసారి సంతోషించాను.

తర్వాత జనం. లిఫ్టతను వెనకనుంచి మెడ చుట్టూ చెయ్యి వేసి లాగాడు, ఇంకెవరో కాళ్లు పట్టుకున్నారు, బల్ల విరిగింది, పానా గోడకి కొట్టుకుని ఎక్కడికో దొర్లిపోయింది, వాణ్ణి బోర్లా పడేసి వీపు మీద కూర్చున్నారు. చెంప నేలకి ఆనింది, నర్సు చెంప ఆనినట్టే. నేను బోర్డు కింద గోడకి జారగిలబడ్డాను, నా కుడిచెయ్యి నాది కాని వంపులో ఒళ్లో పడి ఉంది. నాకూ వాడికీ మధ్య చెయ్యి చాచినంత దూరం. రొప్పులే వినిపిస్తున్నాయి. అందరం ఆ తలుపు వైపే చూస్తున్నాం. తెరిచి ఉంది. లోపల కాపలామనిషి వీపు, మోకాళ్ల మీద నర్సు, ఆమె చేతుల్లో తల, తల చుట్టూ నేల నల్లగా. ఎంతకీ ఏమీ చెప్పదే. చెప్పు. ఒక్క క్రియ చెప్పు, పాస్ట్ టెన్స్ మాత్రం చెప్పకు తల్లీ, ఇవాళంతా అదే చెప్పాను, ఇంక నా వల్ల కాదు. నర్సు వంగి చెవి ఆనించింది. వేళ్లు మెడ మీద పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. అప్పుడు తల ఎత్తి, కంగారులో తెలుగు రావాల్సిన మనిషి, గంటసేపటి అలవాటుకి ఇంగ్లీషులోనే గట్టిగా అరిచింది, షి ఈజ్ బ్రీతింగ్!

షి ఈజ్ బ్రీతింగ్, అన్నాడు లిఫ్టతను, నా తమ్ముడి వీపు మీద కూర్చునే, తనకి తెలీకుండానే. కాళ్లు పట్టుకున్నవాళ్లు అన్నారు. లోపల్నుంచి కాపలామనిషి బొంగురు గొంతుతో అన్నాడు. పాఠం చెబితే పలకడం అలవాటు కదా, అందరూ పలికారు, ఏడుస్తూ ఒకరు, ఉబ్బసంలాంటి రొప్పుతో ఒకరు.

వాడి ఒక్క కన్నే నాకు కనిపిస్తోంది. చెవి నుంచి కారిన నెత్తురు ఆ కంట్లోకి పోతోంది, ఆర్పుతున్నాడు. ఆ కన్ను బోర్డు మీదికి వెళ్లింది, అక్కడేమీ లేదు. వాళ్ల మొహాల మీదికి వెళ్లింది. తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చింది.

"అక్కా," అన్నాడు. "ఏమంటున్నారే వాళ్లు?"

చెప్పకూడదనుకున్నాను. నువ్వు తెలుసుకోనక్కర్లేదురా, ఆ క్రియ ఇక నీది కాదు, ఆ పిల్లకి సంబంధించిన ఏ మాటా ఇక నీది కాదు అనుకున్నాను. మెట్ల మీద ఎవరెవరో పరుగెత్తుకొస్తున్నారు. వాడు చూస్తూనే ఉన్నాడు. విరగని చెయ్యి ఎత్తి నా గుండె మీద పెట్టుకుని, పైకీ కిందికీ, పైకీ కిందికీ కదిపాను. వాడు మొహం నేలకి తిప్పుకున్నాడు.